లోపం తెలిసిన తరువాత: పని మీద తిరిగే వాహనాల విషయంలో యజమాని బాధ్యత, డ్రైవరు బాధ్యత

సభలో ఉన్న వాహన యజమానులకు, మేనేజర్లకు, డ్రైవర్లకు, మెకానిక్కులకు నమస్కారం.

ఈ సభకు నన్ను పిలిచినవారు ఒక ప్రశ్న రాసి పంపారు. పని మీద తిరిగే బండిలో భద్రతకు సంబంధించిన లోపం ఉంటే ఆ బాధ్యత యజమానిదా, డ్రైవరుదా అన్నది ఆ ప్రశ్న. షెడ్డులో పని చేసిన ఇన్నేళ్ళలో ఈ ప్రశ్నను చాలాసార్లు విన్నాను. అడిగేవారు యజమాని అయితే డ్రైవరు పేరు, డ్రైవరు అయితే యజమాని పేరు నా నోట రావాలని ఎదురుచూడడం కూడా గమనించాను. నా సమాధానం ఇద్దరికీ కొంత ఇబ్బందిగానే ఉంటుంది. ఈ బాధ్యత అన్నదమ్ముల ఆస్తి పంపకం లాంటిది కాదు, ఒకరి వాటా పెరిగిందని రెండోవారి వాటా తగ్గదు. యజమాని బాధ్యత యజమానికి పూర్తిగా ఉంటుంది, డ్రైవరు బాధ్యత డ్రైవరుకు పూర్తిగా ఉంటుంది. ఈరోజు నేను ముఖ్యంగా మాట్లాడదలచుకున్నది, ఒక లోపం ఎవరో ఒకరికి తెలిసిన క్షణానికీ అది నిజంగా తొలగిపోయిన క్షణానికీ మధ్య గడిచే కాలం గురించి. ప్రమాదానికి దారితీసే తప్పులు ఎక్కువగా ఆ మధ్యకాలంలోనే జరుగుతాయని నా నమ్మకం.

నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. ఒక రవాణా సంస్థ షెడ్డులో నేను మెకానిక్కుల మీద ఇన్‌చార్జిగా ఉన్న రోజులవి. ఒక సాయంత్రం ట్రిప్పు ముగించుకుని వచ్చిన డ్రైవరు వెనక ఎడమ చక్రం దగ్గర గొంతుకూర్చుని నన్ను పిలిచాడు. టార్చిలైటు వేసి చూపించాడు. ఒక నట్టు అంచు నుంచి రిమ్ము మీదికి తుప్పు రంగులో సన్నని చార ఒకటి దిగి ఉంది. దాని మీద బొటనవేలితో రాస్తే మెత్తటి ఎర్రని పొడి వేలికి అంటుకుంది. పక్క నట్టు కింద మాత్రం తుప్పు లేదు, అక్కడ లోహం కొత్త నాణెంలా మెరుస్తోంది. రెండూ ఒకే సంగతి చెప్తున్నాయి. నట్టు వదులైనప్పుడు అది రిమ్ముతో రాసుకుంటుంది, రాపిడికి లోహం పొడిగా రాలుతుంది, తడి తగిలితే ఆ పొడి తుప్పుగా మారి కిందికి కారుతుంది. "సార్, ఈ రెండూ వదులైనట్టున్నాయి" అన్నాడతను. "బండి రాత్రికి ఇక్కడే ఉంటుందిగా, పొద్దున్నే చూద్దాం" అన్నాను నేను.

బండి ఆ రాత్రి అక్కడ ఉండలేదు. అనుకోకుండా లోడు రావడంతో పదకొండు గంటలకు మరో డ్రైవరు దాన్ని తీసుకెళ్ళాడు. తెల్లవారి తిరిగి వచ్చేసరికి ఆ చక్రానికున్న పది బోల్టుల్లో రెండు విరిగిపోయి ఉన్నాయి. మిగతా నట్లలో కొన్ని వేళ్ళతో తిప్పితే తిరిగాయి. రిమ్ములో గుండ్రంగా ఉండాల్సిన రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోయాయి. చక్రం ఊడిపోలేదు, ఎవరికీ దెబ్బ తగలలేదు. అందుకు కారణం మా జాగ్రత్త ఎంతమాత్రమూ కాదు. లోడుతో వేగంగా పోతున్న బండి నుంచి విడిపోయిన చక్రం తన దారిన తాను దొర్లుకుంటూ వెళ్ళి, ఎదురుగా వచ్చే వాహనాన్నో పక్కన నడిచే మనిషినో కొట్టగలదు. అది ఎక్కడ ఆగుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు.

ఇందులో తప్పు ఎవరిది? మొదటి డ్రైవరు చూశాడు, చెప్పాడు, కానీ ఎక్కడా రాయలేదు. నేను విన్నాను, బండిని ఆపలేదు. రాత్రి డ్రైవరు చుట్టూ తిరిగి చూడకుండానే బండి ఎక్కాడు. లోడు పంపిన గుమాస్తాకు సంగతే తెలియదు. వీటిలో నా తప్పు పెద్దదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను, ఎందుకంటే ఆపే అధికారం ఉన్నది నాకే. అంతకంటే పెద్ద తప్పు మరొకటి ఉంది. షెడ్డు ఇన్‌చార్జికి తెలిసిన విషయం లోడు పంపే బల్ల దగ్గరికి చేరే మార్గం ఆ సంస్థలో లేదు. అలాంటి మార్గం ఏర్పాటు చేయడం ఏ డ్రైవరు చేతిలోనూ లేదు, ఏ మెకానిక్కు చేతిలోనూ లేదు, అది పూర్తిగా యజమాని పని.

లోపాలన్నీ ఒకే రకానికి చెందినవి కావు. కొన్ని బండి చుట్టూ ఒకసారి నడిచిన ఎవరికైనా కనిపిస్తాయి. పగిలిన అద్దం, వెలగని బ్రేకు లైటు, గాలి దిగిన టైరు, కింద నేల మీద నూనె మరక ఇలాంటివి. అరిగిన టైరును పట్టడం కూడా కష్టం కాదు. టైరు గాడుల అడుగున అక్కడక్కడా చిన్న గట్లు ఉంటాయి, గాడిలో 1.6 మిల్లీమీటర్ల లోతు మిగిలేసరికి టైరు పైభాగం ఆ గట్లతో సమానమవుతుంది. కొలిచే సాధనం అక్కర్లేకుండా కంటితోనే తెలిసిపోయే గుర్తు అది. కొన్ని లోపాలు నడిపేవాడికి మాత్రమే తెలుస్తాయి. బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు గుంజడం, స్టీరింగులో ఆట పెరగడం, ఏదో ఒక వేగం దగ్గర చక్రంలో వణుకు పుట్టడం షెడ్డులో నిలబెట్టిన బండిలో దొరికేవి కావు. మరికొన్ని లోపాలు చక్రం విప్పి, బండిని గుంత మీద నిలిపి, కిందికి దిగి చూస్తే తప్ప మెకానిక్కుకు కూడా కనబడవు. ఎవరు ఏది చూడగలరు, ఎవరు దేన్ని సరిచేయించగలరు అన్నదాన్ని బట్టే ఎవరి కర్తవ్యం ఏమిటో నిర్ణయమవుతుంది. చూడగలిగినవాడు చూడకపోవడం ఒక తప్పు, సరిచేయించగలిగినవాడు సరిచేయించకపోవడం మరొక తప్పు, మొదటి తప్పు రెండోదాన్ని మాఫీ చేయదు.

బ్రేకుల గురించి కొంచెం వివరంగా మాట్లాడతాను, ఎందుకంటే "పొద్దున డ్రైవరు తనిఖీ చేశాడుగా" అని చేతులు దులుపుకునే యజమానులకు సమాధానం అక్కడ దొరుకుతుంది. లోడుతో కలిపి 25 టన్నుల బరువున్న లారీ గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్తోందనుకోండి. దాన్ని ఒకసారి పూర్తిగా ఆపాలంటే సుమారు 50 లక్షల జౌళ్ళ శక్తి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. ఆ శక్తిలో చాలామటుకు చక్రంతో పాటు తిరిగే బ్రేకు డ్రమ్ములలో, వాటిని లోపలి నుంచి ఒరుసుకునే లైనర్లలో వేడిగా మారుతుంది. మామూలు నీళ్ళు 15 లీటర్లు మరిగించడానికి సరిపోయే వేడి అది, అదంతా కొన్ని సెకన్లలో పుడుతుంది. అదే లారీ 300 మీటర్ల ఎత్తున్న కొండ దిగుతోందనుకుంటే లెక్క 7 కోట్ల 35 లక్షల జౌళ్ళకు చేరుతుంది, అంటే సుమారు 220 లీటర్ల నీటిని మరిగించేంత. అందులో కొంత గాలి నిరోధానికీ టైర్ల రాపిడికీ పోయినా, మిగతా భారం తక్కువ గేరులో ఇంజను మోయాలి, లేకపోతే బ్రేకులు మోయాలి. న్యూట్రల్‌లో కొండ దింపే డ్రైవరు ఆ భారమంతా బ్రేకుల మీదికే తోస్తున్నాడు. అది బండి లోపం కాదు, అచ్చంగా డ్రైవరు తప్పు, ఆ మాట డ్రైవర్ల ముందే చెప్పాలి.

ఇప్పుడు రెండో వైపు చూడండి. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచిస్తుంది, అంటే లైనర్లు బిగించి ఉన్న లోపలి షూలకు దూరం జరుగుతుంది. షూ మరికాస్త ఎక్కువ దూరం కదిలితే తప్ప లైనరు డ్రమ్మును గట్టిగా తాకదు. ఎయిర్ బ్రేకులున్న బండిలో ఆ కదలికకు ఒక హద్దు ఉంటుంది. గాలి నెట్టే కడ్డీ తన ప్రయాణం చివరికి వచ్చేశాక ఎంత గట్టిగా తొక్కినా మరో మిల్లీమీటరు జరగదు. లైనర్లు అరిగి, ఆ కడ్డీ కదలికను సర్దే స్లాక్ అడ్జస్టర్‌ను సరిచేయకుండా వదిలేసిన బండిలో తెల్లవారుజామున డ్రమ్ములు చల్లగా ఉన్నప్పుడు ఆ కడ్డీ హద్దుకు కొంచెం ముందే ఆగుతుంది, బ్రేకు పడుతుంది. డ్రైవరు ఆవరణలో నాలుగడుగులు నడిపి, బ్రేకు తొక్కి చూసి, బాగానే ఉందని నిజాయతీగా రాస్తాడు. అదే బండి మధ్యాహ్నం కొండ దిగుతూ డ్రమ్ములు కాగిపోయిన సమయంలో కడ్డీ హద్దు దాకా వచ్చేసి, బ్రేకు ఉండీ లేనట్టే అవుతుంది. పొద్దుటి తనిఖీ అబద్ధం కాదు, అది పట్టుకోలేని లోపం ఇది. దీన్ని పట్టుకోగలిగేది నిర్ణీత కాలానికి కిందికి దిగి కడ్డీ ఎంత కదులుతోందో కొలిచే మెకానిక్కు. ఆ మెకానిక్కుకు సమయం, సాధనాలు, విడిభాగాలు ఇచ్చి, బండిని ఒక పూట నిలబెట్టడానికి ఒప్పుకోవాల్సింది యజమాని. గాలి ఒత్తిడి బాగా పడిపోతే స్ప్రింగు బ్రేకు తానే పట్టేస్తుంది కాబట్టి భయం లేదని కొందరు అంటారు. గాలి పోయిన సందర్భం వరకు ఆ మాట నిజం. కానీ ఆ స్ప్రింగు కూడా తోసేది అదే కడ్డీని, నొక్కేది అవే అరిగిన లైనర్లను.

ఇంకో సంగతి. బ్రేకు ఒక్కరోజులో పాడవదు, రోజుకు వెంట్రుకవాసి చొప్పున దిగజారుతుంది. రోజూ అదే బండి నడిపే డ్రైవరు కాలు తనకు తెలియకుండానే దానికి అలవాటు పడిపోతుంది. సెలవు రోజున అతని బదులు వచ్చిన డ్రైవరు మొదటి మలుపులోనే "ఇదేంటి, పెడల్ ఇంత లోపలికి పోతోంది" అంటాడు. అలాంటి మాటను కొత్తవాడి చాదస్తంగా కొట్టిపారేయకూడదు. నేను ఇన్‌చార్జిగా ఉన్నప్పుడు అలా బదులు వచ్చిన డ్రైవరు ఫిర్యాదుకు మిగతావాటికంటే ముందు చోటిచ్చేవాణ్ణి.

చట్టం ఈ విషయాన్ని ఎలా చూస్తుంది? దేశానికో చట్టం ఉంటుంది, అన్నిటినీ ఇక్కడ చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ కొన్ని సూత్రాలు చాలా దేశాల్లో వేళ్ళూనుకున్నాయి. 1937లో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం కూడా అయిన బ్రిటన్ ప్రభువుల సభ ఒక బొగ్గు గని కేసులో తీర్పు చెప్తూ, సమర్థులైన సిబ్బందిని, తగిన యంత్రాలను, సురక్షితమైన పని విధానాన్ని సమకూర్చే బాధ్యత యజమానికి వ్యక్తిగతంగా ఉంటుందని తేల్చింది. ఆ పనిని ఎంత అర్హత ఉన్న మేనేజరుకు అప్పగించినా, పనిని అప్పగించవచ్చు గాని బాధ్యతను అప్పగించలేరని దాని సారాంశం. తరువాత అదే సభ ముందుకు మన విషయానికి మరింత దగ్గరి కేసు వచ్చింది, 1970 నాటి తీర్పుల సంపుటంలో అది కనిపిస్తుంది. కొండ దిగుతున్న లారీకి బ్రేకులు పోయి ఒక మనిషి చనిపోయాడు. బ్రేకు ద్రవం వెళ్ళే గొట్టం తుప్పు పట్టి చిల్లు పడడమే కారణం. ఆ తుప్పు ఉన్న చోటు, గొట్టాన్ని పూర్తిగా ఊడదీస్తే తప్ప కనబడదు. కనిపించే భాగాన్ని మేము చూస్తూనే ఉన్నాము, ఇది దాగి ఉన్న లోపం, మేమేం చేయగలం అని యజమానులు వాదించారు. న్యాయమూర్తుల్లో ఎక్కువమంది ఆ వాదన చాలదన్నారు. ఈ లారీ ఇంతకుముందు ఏయే సరుకులు మోసింది, తుప్పు పట్టించే పదార్థం ఏదైనా దాని మీద పడిందా, అలాంటిదేదీ జరగలేదని చూపించాల్సింది యజమానులే అని వారి నిర్ణయం.

ఈ తీర్పును నేను యజమానులకు మళ్ళీ మళ్ళీ గుర్తు చేస్తుంటాను. దాగిన లోపం అనే మాట దానంతట అదే రక్షణ కాదు. బండి చరిత్ర మన దగ్గర రాసి ఉండాలి. ఉప్పు, ఎరువులు, ఆమ్లాలు మోసే బండికీ పరుపులు మోసే బండికీ ఒకే తనిఖీ పట్టిక సరిపోదు. పాత బండి కొన్నప్పుడు అంతకుముందు అది ఏ పనిలో ఉండేదో అడిగి తెలుసుకోవడం కూడా ఈ బాధ్యతలో భాగమే.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో ఆమోదించిన 155వ ఒడంబడికను ఈ సందర్భంలో తప్పక చెప్పాలి. 2022 జూన్‌లో ఆ సంస్థ దాన్ని తన మౌలిక ఒడంబడికల్లో చేర్చింది. సాధ్యమైనంత మేరకు పని స్థలాలను, యంత్రాలను, పరికరాలను సురక్షితంగా ఉంచాల్సింది యజమాని అని అందులోని 16వ అధికరణం చెప్తుంది. ప్రాణానికి లేదా ఆరోగ్యానికి తక్షణమైన, తీవ్రమైన ప్రమాదం ఉందని సహేతుకంగా అనిపించిన సందర్భాన్ని పనివాడు వెంటనే తన పై అధికారికి తెలియజేయాలి, దాన్ని సరిచేసే చర్య తీసుకునే వరకు, ప్రమాదం కొనసాగుతున్న పనిలోకి తిరిగి వెళ్ళమని యజమాని అతన్ని ఒత్తిడి చేయకూడదు అని 19వ అధికరణం చెప్తుంది. అలాంటి పని నుంచి తప్పుకున్నవాడికి అనుచితమైన పర్యవసానాలు కలగకుండా కాపాడాలని 13వ అధికరణం, భద్రతా ఏర్పాట్ల ఖర్చు పనివాడి మీద పడకూడదని 21వ అధికరణం చెప్తాయి. 19వ అధికరణాన్ని మరోసారి తలుచుకోండి. డ్రైవరు చెప్పాలి అన్న కర్తవ్యాన్నీ, చెప్పాక యజమాని పంపకూడదు అన్న నిషేధాన్నీ అది ఒకే చోట, ఒకదాని పక్కన ఒకటి పెట్టింది. మనం విడదీసి వాదించుకునే రెండు బాధ్యతలూ అక్కడ ఒకే ముడిలో ఉన్నాయి.

ఇక డ్రైవర్ల సంగతికి వస్తాను. బయలుదేరే ముందు తనిఖీ పుస్తకంలో టిక్కులు పెట్టే పద్ధతి చాలాచోట్ల ఉంది. ఒకసారి ఒక సంస్థలో నెల రోజుల పుస్తకాన్ని తిరగేశాను. ముప్ఫై పేజీల్లోనూ టిక్కులన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ఒకే తొందరలో పడి ఉన్నాయి. నెలాఖరున ఒకేసారి కూర్చుని నింపారని చూడగానే తెలుస్తోంది. ఆ నెలలో ఆ బండికి రెండుసార్లు హెడ్‌లైటు మార్చినట్టు షెడ్డు రికార్డులో ఉంది. పుస్తకంలో మాత్రం లైట్లు ప్రతి రోజూ భేషుగ్గా వెలిగాయి. అలాంటి పుస్తకం డ్రైవరును కాపాడదు. ప్రమాదం జరిగాక విచారణాధికారి ముందు అది అతని మీదే సాక్ష్యంగా నిలబడుతుంది. చూడకుండానే చూశానని సంతకం పెట్టిన మనిషి, తరువాత నిజంగా చూసిన రోజున చెప్పినా నమ్మేవారు ఉండరు.

ఆ పుస్తకం విషయంలో డ్రైవరును ఒక్కణ్ణే నిందించడానికి మాత్రం నాకు మనసొప్పదు. అక్కడి డ్రైవర్లను కూర్చోబెట్టి అడిగితే ఒకాయన, "రాస్తే ఏమవుతుంది సార్, ఆ పుస్తకం ఎవరైనా చదివితేగా" అన్నాడు. మొదట్లో రెండు మూడుసార్లు నిజంగానే లోపాలు రాశాడట. సమాధానం రాలేదు, బండి మారలేదు, పైగా ట్రిప్పు ఆలస్యమైందని మాట పడ్డాడు. ట్రిప్పుల లెక్కన డబ్బు ఇచ్చే చోట లోపం చెప్పిన డ్రైవరు తన చేతులతో తన కూలి కోసుకున్నట్టే అవుతుంది. జీతం పద్ధతే మౌనాన్ని కొనేస్తున్నప్పుడు గోడకు అంటించిన భద్రతా నినాదాలు ఏమీ చేయలేవు. లోపం వల్ల బండి నిలిచిన సమయానికి కూడా డ్రైవరుకు కూలి ఇవ్వడం నా దృష్టిలో యజమాని చేయాల్సిన పనుల్లో మొట్టమొదటిది.

అయినా సరే, లోపం తెలిసి బండి కదిలించిన డ్రైవరుకు "ఓనరు వెళ్ళమన్నాడు" అన్న మాట పూర్తి రక్షణ ఇవ్వదు. స్టీరింగు అతని చేతిలో ఉంది, రోడ్డు మీద ఉన్న మనుషులు అతని కళ్ళ ముందు ఉన్నారు. చాలా దేశాల చట్టాలు బండి నడిపేవాణ్ణీ, దాన్ని నడపమని చెప్పినవాణ్ణీ, నడవనిచ్చినవాణ్ణీ వేరువేరుగా బాధ్యుల్ని చేస్తాయి. ఎవరి మీద ఎంత అన్నది మాత్రం ఎవరికి ఏమి తెలుసు, ఎవరికి ఏమి తెలిసి ఉండాల్సింది అన్నదాన్ని బట్టి తేలుతుంది. 2015 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని బాత్ నగరంలో ఒక టిప్పరు వాలు దారి దిగుతూ బ్రేకులు పట్టక దూసుకుపోయింది. నలుగురు చనిపోయారు, వారిలో ఒకరు నాలుగేళ్ళ పాప. 2016 డిసెంబరులో జ్యూరీ ఆ టిప్పరును తిప్పే సంస్థ యజమానినీ మెకానిక్కునూ నరహత్య నేరంలో దోషులుగా తేల్చింది, వారికి జైలు శిక్షలు పడ్డాయి. బండి నడిపిన యువకుణ్ణి నిర్దోషిగా విడిచిపెట్టింది. డ్రైవర్లు ఈ కేసును చూసి తమకు భరోసా దొరికిందనుకోకూడదు, ఇంకో కేసులో తెలిసీ నడిపిన డ్రైవరు జైలుకు వెళ్ళవచ్చు. మెకానిక్కులు మాత్రం దీన్ని శ్రద్ధగా చదవాలి. బండి బాగుందని సంతకం చేసిన చెయ్యి కూడా బాధ్యత కలిగినదే.

వెళ్ళనని చెప్పే హక్కు గురించి కూడా మాట్లాడాలి. 2009 జనవరిలో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక ట్రక్కు డ్రైవరు గడ్డకట్టే చలిలో రోడ్డు పక్కన చిక్కుకుపోయాడు. వెనక ట్రెయిలరు బ్రేకులు చలికి బిగుసుకుపోయాయి, క్యాబిన్‌లో హీటరు పనిచేయడం లేదు. మరమ్మతు మనిషి కోసం గంటల తరబడి ఎదురుచూశాడు, శరీరం మొద్దుబారడం మొదలైంది. అక్కడే ఉండు, లేదంటే ట్రెయిలరును ఈడ్చుకుంటూ రా అన్నట్టుగా పై అధికారి మాట్లాడాడు. చక్రాలు తిరగని ట్రెయిలరును రోడ్డు మీద ఈడ్చడం ఇతరులకు ప్రమాదం, అక్కడే ఉండడం తన ప్రాణానికి ప్రమాదం. అతను ట్రెయిలరును విడదీసి, ట్రక్కు మాత్రం నడుపుకుంటూ వెళ్ళి ప్రాణం కాపాడుకున్నాడు. సంస్థ అతన్ని ఉద్యోగంలోంచి తీసేసింది. అతన్ని తిరిగి తీసుకోవాలని, పోయిన జీతం ఇవ్వాలని కార్మిక శాఖ ఇచ్చిన ఆదేశాన్ని 2016లో అప్పీలు కోర్టు సమర్థించింది. న్యాయం అందింది, కానీ ఏడేళ్ళు పట్టింది. అన్నేళ్ళు కోర్టు చుట్టూ తిరిగే ఓపిక, స్తోమత ఎంతమంది డ్రైవర్లకు ఉంటాయి? హక్కు చట్టంలో ఉంటే చాలదని, ఆవరణలోనే, ఆ రాత్రే పనికొచ్చేలా ఉండాలని నేను అనడం ఇందుకే.

అంటే ఏం చేయాలి? ప్రతి షిఫ్టులో, రాత్రి షిఫ్టుతో సహా, బండిని ఆపే అధికారం ఉన్న మనిషి ఒకరు ఫోనుకు దొరకాలి. ఆ మనిషి లోడు ఆదాయానికి జవాబుదారీ అయినవాడు కాకూడదు. ఏ లోపానికి బండి కదలకూడదు, ఏ లోపంతో దగ్గరి షెడ్డు వరకు మెల్లగా రావచ్చు, ఏది తరువాతి సర్వీసు దాకా ఆగవచ్చు అన్నది ముందే రాసి పెట్టుకోవాలి. బ్రేకు, స్టీరింగు, చక్రాల నట్లు, దారం బయటపడిన టైరు, రాత్రిపూట లైట్లు, కురుస్తున్న వానలో వైపరు, తెగిన సీటు బెల్టు మొదటి జాబితాలోకి వస్తాయి, వాటి మీద బేరం ఉండకూడదు. డాష్‌బోర్డు మీద వెలిగే హెచ్చరిక దీపాల విషయంలో నేను మరీ పట్టుదలగా ఉంటాను. వెలుగుతోందని చిరాకుపడి, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ దీపం మీద నల్ల టేపు అంటించిన బండిని చూశాను. ఆ టేపు ఒక డ్రైవరు అంటించినదే కావచ్చు, కానీ దాన్ని నెలల తరబడి ఎన్నో కళ్ళు చూశాయి.

అద్దె బండ్లు, కాంట్రాక్టు బండ్లు, డ్రైవరు సొంత బండితోనే సరుకులు చేరవేయించుకునే ఏర్పాట్లు ఇప్పుడు పెరిగాయి. బండి మాది కాదు గనక బాధ్యత మాది కాదనే మాట అక్కడ తరచు వినిపిస్తుంది. పని ఎవరిదో, వేళలు ఎవరు నిర్ణయిస్తారో, ఆలస్యానికి కోత ఎవరు వేస్తారో వారికీ ఇందులో భాగం ఉంటుంది. ఆస్ట్రేలియాలోని చాలా రాష్ట్రాల్లో 2014 నుంచి అమల్లో ఉన్న భారీ వాహనాల చట్టం సరుకు పంపేవారిని, ఎక్కించేవారిని, అందుకునేవారిని కూడా ఒక బాధ్యతా గొలుసులో చేర్చింది. ఒకే బండి ఉండి, దాన్ని తానే నడుపుకునే మనిషికి రెండు బాధ్యతలూ ఒక్కడి భుజాల మీదే ఉంటాయి. అతనికి వద్దని చెప్పే రెండో గొంతు లేదు, కాబట్టి అతనికి పని ఇచ్చేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

మరమ్మతు అయ్యాక కూడా ఒక మెట్టు మిగిలి ఉంటుంది. లోపం రాసిన డ్రైవరుకు, ఏం చేశారో రాతపూర్వకంగా తిరిగి తెలియాలి. లోపం దొరకలేదు అనైనా సరే. సమాధానం వచ్చిన డ్రైవరు మళ్ళీ రాస్తాడు. చక్రం విప్పి బిగించిన బండి 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లను మళ్ళీ సరైన బిగువుతో చూడాలి, ఎందుకంటే కలిసే ఉపరితలాల మధ్య ఉన్న రంగు, తుప్పు, మట్టి నలిగి సర్దుకున్నాక బిగువు తగ్గుతుంది. ఈ రెండో బిగింపు ఎవరు, ఎక్కడ, ఏ సాధనంతో చేయాలో జాబ్ కార్డులోనే రాసి డ్రైవరు చేతికి ఇవ్వాలి. "దారిలో ఒకసారి చూసుకో" అని చెప్పి పంపేస్తే, ఆ పని ఎవరికీ అప్పగించనట్టే.

నా కథలోని షెడ్డులో మేము ఆ సంఘటన తరువాత చేసిన మార్పు చాలా చిన్నది. లోపం చెప్పిన వెంటనే, ఆ చెప్పింది ఎవరైనా సరే, స్టీరింగుకు ఎర్ర రేకు ఒకటి తగిలించి, తాళంచెవి లోడు పంపే బల్ల దగ్గర కాకుండా షెడ్డు అల్మరాలో పెట్టేవాళ్ళం. రేకు మీద లోపం, చూసినవారి పేరు, గంట రాసి ఉండేవి. దాన్ని తీసే అధికారం సరిచేసిన మెకానిక్కుకూ, అతని పని చూసిన రెండో మనిషికీ కలిపే ఉండేది, ఇద్దరి సంతకాలు పడితే తప్ప తాళంచెవి బయటికి వచ్చేది కాదు. మొదటి నెలలో మూడు లోడ్లు ఆలస్యమయ్యాయి, నాకు పైనుంచి మాటలు కూడా పడ్డాయి. నాలుగో నెలలో, ఆ రాత్రి చుట్టూ చూడకుండా బండి ఎక్కిన డ్రైవరే నా దగ్గరికి వచ్చి, ముందు చక్రం లోపలి వైపు టైరు గోడ ఉబ్బిందని చెప్పి, రేకు తానే అడిగి తీసుకెళ్ళి తగిలించాడు.